తెల్ల డ్రమ్ముల అవతల నీళ్లు

యుద్ధం మొదలైన రెండో వారంలో మా ఆయన ఒక గుర్రాన్ని నడిపించుకుంటూ రియాద్ వదిలి వెళ్లిపోయాడు. 1991 జనవరి. నేను అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సుని. వార్డులో కిటికీలన్నిటికీ టేపులు అంటించాం, సైరన్ మోగితే రోగులకు ముందు మాస్కులు తొడిగి తర్వాత మేం తొడుక్కోవాలి. ఆ హడావిడిలో ఆయన దగ్గర్నుంచి ఫోను.

ఆయన గుర్రాల మనిషి. హైదరాబాదులో రేసు గుర్రాల దగ్గర పద్దెనిమిదేళ్లు సాయిసుగా పనిచేసి, ఆ పనిమీదే సౌదీకి వచ్చాడు. ఆయన కఫీలుకు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న పెద్దాయనకు, రియాద్ అంచున గుర్రపుశాల ఉండేది. పద్నాలుగు ఆడగుర్రాలు. యుద్ధం తగ్గేదాకా వాటిని నూట ఇరవై కిలోమీటర్ల అవతల, లోయలో ఉన్న తన ఫారానికి పంపించెయ్యమన్నాడు కఫీలు. పదమూడు లారీలెక్కాయి. వయసుకు ఒళ్లంతా తెల్లబడిన గుర్రం ఒకటి ఎక్కలేదు. దాన్ని మా ఆయన అవ్వ అనేవాడు.

"అవ్వ ఎక్కనంటాంది. నడిపించుకపోత," అన్నాడు.

"నూట ఇరవై కిలోమీటర్లు!"

"అన్ని కిలోమీటర్లని దానికి తెల్వదు గద."

నాలుగు రోజులు పట్టింది. రోజుకు ముప్పై. ఆ నాలుగు రోజులూ ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఐదో రోజు మధ్యాహ్నం ఫోను చేశాడు. "చేరినం. అవ్వ నీళ్లు తాగి పండుకున్నది."

"నువ్వు తిన్నవా?"

"తింట."

తొమ్మిది నెలలు ఆయన మీద కోపంగానే ఉన్నాను. యుద్ధం ముగిసినా గుర్రాలు ఫారంలోనే ఉండిపోయాయి, వాటితో ఆయనా ఉండిపోయాడు. అక్టోబరులో నేను ఫారానికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలోని చిన్న ఊరి క్లినిక్కుకు బదిలీ అడిగి వెళ్లాను. వెళ్లిన మొదటి శుక్రవారం ఫారానికి తీసుకుపోయాడు. ఆ తెల్ల గుర్రం వచ్చి ఆయన చొక్కా వాసన చూసింది. ఆయన దాని మెడ మీద తల ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నాడు. అప్పటికి మాకు పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆయన అలా ఎవరి మీదా తల ఆనించడం నేను చూడలేదు. మాకు పిల్లలు లేరు. ఈ మాట మళ్లీ రాయను.

కోపం ఆ రోజుతో పోయింది.

మరుసటి ఏడు వసంతంలో ఆ లోయని రక్షిత ప్రాంతం చేశారు. యుద్ధం రోజుల్లో బండ్లు తిరిగి, మందలు మేసి నేల బోడిదైందని, జింకల్ని తెచ్చి వదులుతారని చెప్పుకున్నారు. సరిహద్దు పొడుగునా నూనె డ్రమ్ములకు తెల్ల రంగు వేసి నిలబెట్టారు. ఫారం డ్రమ్ములకు ఇవతల. గుర్రాలు నీళ్లు తాగే బావి, కఫీలు తాతగారు తవ్వించింది, డ్రమ్ములకు అవతల. ఫారంలో బోరు ఉంది కానీ నీళ్లు ఉప్పు తేలాయి, గుర్రాలు మూతి పెట్టి వదిలేసేవి. రోజూ పొద్దున, సాయంత్రం పద్నాలుగూ వరుసగా నడిచి బావి తొట్టి దగ్గరికి వెళ్లొచ్చేవి. దారి వాటికి తెలుసు. ఆయన వెనక నడిచేవాడు అంతే.

కాపలాకు ఇద్దరు కుర్రాళ్లను వేశారు. ఇద్దరూ దమ్మామ్ నుంచి వచ్చినవాళ్లు. ఒకడు పొడుగు, ఒకడికి కళ్లద్దాలు. నలభై రోజులు తరగతి గదిలో శిక్షణ ఇచ్చి, చేతిలో నియమాల పుస్తకం పెట్టి, కొత్త జీపు ఇచ్చి పంపారు. మా ఆయన వాళ్లని ఫారెస్టోళ్లు అనేవాడు.

"అడివేది?" అనేదాన్ని.

"గవ్వే, నాలుగు తుమ్మచెట్లు."

వాళ్ల సంగతులు ఆయన వచ్చి చెబుతుంటే నవ్వలేక చచ్చేదాన్ని. మొదటి రోజు గుర్రాలు లెక్కపెట్టడానికి వచ్చారు. "పద్నాలుగు ఆడయని చెప్పిన. రాసుకున్నడు. రాసుకొని, ఇందుల మగయెన్ని అని అడిగిండు!" ఇంకో రోజు ఎండిన తుమ్మ పుల్లలతో టీ కాచుకుంటుంటే వచ్చి, కట్టె కాల్చడం తప్పని, సాక్ష్యంగా కేతిలి పట్టుకుపోయారు. రసీదు ఇచ్చారు: కేతిలి ఒకటి, అడుగు మాడినది. తొమ్మిదో రోజు తెచ్చిచ్చారు, తోమి మరీ.

పొడుగువాడు ఒకసారి క్లినిక్కుకు కుంటుకుంటూ వచ్చాడు. గుర్రం కాలు తొక్కింది. గోరు ఊడింది.

"గుర్రం పక్కకు అంత దగ్గరికి ఎందుకు పోయావు?" అన్నాను.

"దూరంగా నిలబడాలని పుస్తకంలో ఉంది సిస్టర్. ఎంత దూరమో రాయలేదు," అన్నాడు సిగ్గుపడుతూ.

అందరూ వాళ్లని చూసి నవ్వేవాళ్లు. నాకు మాత్రం లోపల్లోపల నచ్చారు. వాళ్ల జీపులో రిజిస్టరు ఉండేది. ఏ బండి ఎన్ని గంటలకు దాటింది, ఎన్ని జంతువులు, ఎవరు, అన్నీ గీతల మధ్య పొందిగ్గా రాసేవాళ్లు. నేనూ అలాంటిదాన్నే. ఇరవై ఏళ్లుగా నోటుపుస్తకాల్లో అన్నీ రాసిపెట్టుకుంటున్నాను. మా ఆయనకు ఏ తారీకు కావాలన్నా నన్నే అడిగేవాడు. టీకా ఎప్పుడు, నాడాలు మార్చింది ఎప్పుడు, గుర్రం ఎదకు వచ్చింది ఎప్పుడు. "నా కేలండర్ గిదే," అని నలుగురిలో నన్ను చూపించేవాడు.

బావి డ్రమ్ములకు అవతల పడింది కనుక గుర్రాలు పోవడానికి తస్రీహ్, అంటే అనుమతి కాగితం, కావలసి వచ్చింది. కఫీలు మనిషి ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చాడు. పద్నాలుగు గుర్రాలు, ఒక మనిషి, ఒక సంవత్సరం. మా ఆయన దాన్ని నాకు తెచ్చిచ్చింది 1992 జులై ఆరు, సోమవారం. "ఆఫీసు నుంచి ఇయ్యాల్నే ఇచ్చిండ్రు. భద్రంగ పెట్టు," అన్నాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నోటుపుస్తకంలో రాసుకున్నాను: తస్రీహ్ గడువు 1993 జులై ఐదు. వారం ముందు, జూన్ ఇరవై ఎనిమిదిన, కఫీలు మనిషికి గుర్తు చెయ్యాలి.

కాగితం మీద తేదీ హిజ్రీలో, అంటే అక్కడి ముస్లిం కేలండరులో ఉంది. ముహర్రం నెల.

మా ఊళ్లో పీర్ల పండుగ ఒక ఏడు ఎండల్లో వచ్చేది, కొన్నేళ్లకు వానల్లో వచ్చేది. చిన్నప్పుడు మా నాన్నను ఎందుకని అడిగాను. "వాళ్లది చందమామ లెక్క బిడ్డా. మన ఏడాదికి పదకొండు రోజులు తక్కువ," అని పలక మీద గీసి చూపించాడు. సౌదీలో రంజాన్ ప్రతి ఏడూ ముందుకు జరగడం కళ్లారా చూస్తూనే ఉన్నాను, దాన్ని బట్టే వార్డు డ్యూటీలు వేసుకునేవాళ్లం. మా ఇకామాల, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డుల గడువులు ఆసుపత్రి ఆఫీసే చూసుకునేది కనుక ఆ లెక్క నేనెప్పుడూ కాగితం మీద వెయ్యాల్సిన పని పడలేదు. అయినా తెలుసు. తెలిసి కూడా జులై ఆరు కింద జులై ఐదు రాశాను. ఏడాదంతా ఆ పేజీ ఎన్నిసార్లు తిరగేశానో.

సెప్టెంబరులో కఫీలు ఒక మగగుర్రాన్ని తెప్పించి వారం రోజులు ఫారంలో ఉంచాడు. ఆ శీతాకాలంలో తెల్ల గుర్రం కడుపుతో ఉందని తెలిసింది. పంతొమ్మిదేళ్ల గుర్రం. "ఈ వయసుల నీకిదేం పనే అవ్వా," అని దాని ముందు నిలబడి నవ్వేవాడు. ఆగస్టు మొదటి వారంలో ఈనుతుందని నేను లెక్క వేసి చెప్పాను. అప్పటినుంచి ఆయన మాటలన్నీ దాని కడుపు చుట్టే. క్లినిక్కులో ఎక్స్‌పైరీ అయిపోయిన గుడ్డ పట్టీలు నా చేత దాపించాడు, పుట్టాక పిల్లను తుడవడానికని.

1993 జూన్ ఇరవై ఆరు, శనివారం పొద్దున గుర్రాలు డ్రమ్ముల దగ్గరికి రాగానే జీపు అడ్డంగా ఆగి ఉంది. గడువు నిన్నటితో అయిపోయిందని చెప్పారు. మా ఆయన నమ్మలేదు.

"ఇంక తొమ్మిది రోజులున్నయ్. మా ఇంటామె రాసిపెట్టింది, ఆమె తప్పు రాయదు," అన్నాడట వచ్చీరాని అరబ్బీలో.

"కాగితం తీసుకురా బాబాయ్. చూసి వదులుతాం," అన్నాడట కళ్లద్దాలవాడు.

కాగితం ఊళ్లో నా దగ్గర. ఆయన వచ్చి అడిగితే నేను కవరు తీసి చూడను కూడా లేదు. నోటుపుస్తకం చూశాను. "జులై ఐదే. కొత్త పిల్లలు కదా, వాళ్లే పొరపాటు పడి ఉంటారు," అన్నాను. కఫీలు అప్పటికే వేసవికి యూరప్ వెళ్లిపోయాడు. ఆయన మనిషి, ఇంకో వారంలో ఎలాగూ కొత్తది తేవాలి కదా, అప్పుడే తెస్తానన్నాడు. వాళ్లతో ఎందుకు గొడవ, అందాకా నీళ్లు మోసుకుందాం అనుకున్నాం.

ఎండల్లో గుర్రానికి రోజుకు యాభై లీటర్లు. పద్నాలుగుకు ఏడు వందలు. పికప్పులో మూడు డ్రమ్ములు పడతాయి, ఆరు వందలు. కాబట్టి రోజుకు రెండు సార్లు, ఎనభై ఎనిమిది కిలోమీటర్లు. తప్పు లేకుండా నేనే వేసిచ్చిన లెక్క. పదమూడు గుర్రాలు తాగాయి. తెల్ల గుర్రం మూతి పెట్టి, పెదవి పైకి మడిచి, వెనక్కి తిరిగింది. కొత్త నీళ్ల వాసన గుర్రాలకు పడదు. ఆయన బెల్లం కలిపాడు. ఉలవలు నానబెట్టిన నీళ్లు పోశాడు. అరిచేతిలో పట్టి మూతికి రాశాడు. ఆదివారం నాలుగైదు గుక్కలు తాగింది. సోమవారం అదీ లేదు.

మంగళవారం పొద్దున ఆయన నీళ్లకు ఊళ్లోకి వచ్చినప్పుడు అది కంచె దూకింది. పది నెలల కడుపుతో. నేరుగా బావికి పోయింది.

వాళ్లకు అక్కడ దొరికింది. తొట్టికి మూత వేసి తాళం పెట్టారట, దాని ముందు నిలబడి ఉందట. తప్పిపోయిన జంతువును పట్టి, కాపలా పోస్టు దగ్గర దొడ్డిలో ఉంచి, యజమాని కాగితాలతో వస్తే అప్పగించాలని పుస్తకంలో ఉంది. మెడకు తాడు కట్టి జీపు వెనక తగిలించి, తొమ్మిది కిలోమీటర్లు తీసుకుపోయారు. నడిపించుకు పోవచ్చని వాళ్లకు తోచలేదు. నెమ్మదిగానే నడిపామన్నారు. జీపుకు నెమ్మది అయినది గుర్రానికి కాదు.

తీసుకుపోయాక దాన్ని చూసి జాలి పడ్డారు. అది నిజం. డొక్కలు ఎగరేస్తూ చెమటతో నిలబడ్డ గుర్రం ముందు ఇద్దరూ కలిసి బార్లీ బస్తా విప్పారు. తిన్నంత తిననిచ్చారు. ఆపైన తమ కోసం ఉంచుకున్న ఐసు నీళ్ల డబ్బాలు రెండూ తొట్టిలో గుమ్మరించారు. ఈసారి దాహానికి అది వాసన కూడా చూడకుండా తాగింది; ఒళ్లు కాగిన గుర్రానికి బార్లీ మీద చల్లనీళ్లు పడితే పేగు మెలిపడుతుందని వాళ్ల పుస్తకంలో లేదు.

మా ఆయన క్లినిక్కుకు వచ్చేసరికి రెండున్నర. "అవ్వను ఫారెస్టోళ్లు పట్టుకపోయిండ్రు. కాగితం తే. నువ్వు గూడ రా. నువ్వయితే మంచిగ చెప్తవు," అన్నాడు. నోటుపుస్తకం, కవరు పట్టుకుని పికప్పు ఎక్కాను. దారి పొడుగునా స్టీరింగు మీద ఆయన వేళ్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

దొడ్డి చుట్టూ ఇనప వల. లోపల గుర్రం నిలబడి మాటిమాటికీ తన కడుపు వైపు తిరిగి చూస్తోంది. ముందు కాలితో నేల గీస్తోంది. మా ఆయన పికప్పు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తాడు.

"ఏం పెట్టిండ్రు దీనికి? ఏం పెట్టిండ్రు?" తెలుగులోనే అరుస్తున్నాడు.

కాగితం లేకుండా దొడ్డిలోకి రానివ్వడానికి లేదని పొడుగువాడు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అతని మొహంలో కూడా భయం. నేను కవర్లోంచి కాగితం తీసి కళ్లద్దాలవాడికి ఇచ్చాను. నోటుపుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాను. "జులై ఐదు వరకు ఉంది బాబూ. ఇవాళ జూన్ ఇరవై తొమ్మిదే."

అతను కాగితం చూశాడు. నన్ను చూశాడు. ఎంతో మర్యాదగా, వల మీద కాగితం ఆనించి, అంకెల కింద వేలు జరుపుతూ చదివాడు. "ముహర్రం ఐదు వరకు సిస్టర్. ఇవాళ ముహర్రం తొమ్మిది."

నాన్న గీసిన పలక కనబడింది నాకు. వల పట్టుకున్నాను, ఇనుము కాలి చెయ్యి బొబ్బలెక్కింది. మా ఆయన నా మొహం చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, బహుశా రెండు క్షణాలు. తర్వాత వాళ్ల వైపు తిరిగి అన్నాడు: "ఆమె తప్పు కాదు. తారీకు ఆమెకు నేనే తప్పు జెప్పిన. ఆమె నేను జెప్పిందే రాసింది."

నేను నోటుపుస్తకం మూశాను.

గుర్రం కూలబడింది. కింద దొర్లడం మొదలుపెట్టింది. "పండనియ్యకుండ్రి! లేపి నడిపించుండ్రి!" అని వల అవతలి నుంచి ఆయన అరవడం, నేను దాన్ని అరబ్బీలో చెప్పడం, వాళ్లిద్దరూ దగ్గరికి పోయి, అది కాలు విదిలించగానే వెనక్కి దూకడం. కళ్లద్దాలవాడు వైర్‌లెస్‌లో పై ఆఫీసరును అడుగుతూనే ఉన్నాడు. ఆఫీసరు దొరకలేదు. దొరికి, మళ్లీ చేస్తానన్నాడు. సాయంత్రం నాలుగున్నరకు, జవాబు రాకుండానే, పొడుగువాడు తలుపు తీశాడు. "లోపలికి రా బాబాయ్. ఏమైతే నా మీద," అన్నాడు. రిజిస్టరులో అది కూడా రాసుకున్నాడు.

మా ఆయన దాన్ని లేపాడు. ఎలా లేపాడో, చెవిలో ఏం చెప్పాడో. దొడ్డి చుట్టూ నడిపించాడు. రెండు గంటలు. మధ్యమధ్య అది ఆగేది, ఆయన భుజానికి నుదురు ఆనించేది, మళ్లీ నడిచేది. పొడుగువాడు అవతలి పక్కన తాడు పట్టుకుని వాళ్లతో పాటు నడిచాడు, ఏడుస్తూ. పశువుల డాక్టరు రెండు గంటల దూరంలో ఉన్నాడు, జీపు వెళ్లింది, కానీ ఆయన వచ్చేసరికి చేసేదేమీ మిగల్లేదు. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు, ఆరు ముప్పావు, గుర్రం ముందు కాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగింది. ఆయన దాని పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. పిల్ల ఇంకా కదులుతోందని చెప్పాడు. కాసేపటికి చెయ్యి తీశాడు.

మర్నాడు సంతకానికి పిలిస్తే రిజిస్టరు చూశాను. పన్నెండు ముప్పైకి పట్టుకున్నది. ఒంటి గంట పదికి దొడ్డిలో పెట్టినది. బార్లీ, అర బస్తా. నీళ్లు, రెండు డబ్బాలు. గీతల మధ్య, పొందిగ్గా, కొట్టివేతలు లేకుండా. వెతికాను. ఒక్క తప్పు కూడా దొరకలేదు.

కఫీలు సెప్టెంబరులో వచ్చాడు. మా ఆయన ఎదురుగా నిలబడి, కాగితం సంగతి నేనే మరిచిపోయిన అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. పెద్దాయన అరవలేదు. యుద్ధంలో నా గుర్రాన్ని నడిపించి బతికించినవాడివి, ఒక కాగితం చూసుకోలేకపోయావా అన్నాడు. పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర, అంటే మళ్లీ రాకుండా పంపించే ముద్ర, నెలలోపే పడింది. పొడుగువాణ్ని ఎక్కడికో మార్చారని విన్నాను. నా కాంట్రాక్టు ఇంకా పద్నాలుగు నెలలుంది. పూర్తి చేసి వెళ్లాను.

కరీంనగర్‌లో మా అద్దె ఇంట్లో ఆయన పదమూడేళ్లు బతికాడు. గుర్రాల పనికి మళ్లీ పోలేదు. కొన్నాళ్లు ఒక స్కూలు బస్సుకు అటెండరుగా చేశాడు, పిల్లల్ని ఎక్కించి దించడం. నేను చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒకసారి, అన్నం పెడుతూ, "ఆ ముహర్రం తారీకు..." అని మొదలుపెట్టాను.

"చారు ఇంకింత పొయ్యి," అన్నాడు.

పోశాను. తిని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు.

ఒకటి మాత్రం మారింది. ఇంట్లో నేనుండగా, గోడకు కేలండరుండగా, ఆయన అరుగు మీదికి పోయి ఎదురింటాయన్ని పిలిచి అడిగేవాడు, "అన్నా, ఇయ్యాల ఎన్నో తారీకే?" అని. రోజూ కాదు, పింఛను కాగితాలకో, మందులకో కావలసి వచ్చినప్పుడు. ఆ ప్రశ్న నన్ను అడిగితే నాకు బాధ అవుతుందని అడగలేదో, నా లెక్క మీద నమ్మకం పోయి అడగలేదో. వంటింట్లో నిలబడి వినేదాన్ని. తారీకు నాకు తెలిసి ఉండేది.